క్షమాపణ దొరికింది సరే, లెక్క సంగతేమిటి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నాకు 61 ఏళ్లు. మా అన్న లారీ ప్రమాదంలో చనిపోయి 17 ఏళ్లయింది. మా నాన్న వదిలివెళ్లిన నాలుగెకరాలను చెరి రెండుగా నోటిమాట మీద పంచుకున్నాం, కాగితం లేదు. అన్న పోయిన ఏడాదే, పాసుపుస్తకం కోసమని చెప్పి మా వదినను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి వేలిముద్ర వేయించాను. ఆమెకు చదువు రాదు. నాలుగెకరాలూ నా పేరన పడ్డాయి. తర్వాత సంగతి తెలిసి ఆమె ఊరి పెద్దమనుషుల దగ్గర పెట్టింది. వాళ్లు నా మాటే నమ్మారు. పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఇప్పటికీ మిరపకోతలకు కూలికి పోతోంది. నేను 11 ఏళ్ల కిందట మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడు సంఘపెద్దను. ఆ పొలం రాబడిలో కూడా దశమభాగం తప్పకుండా ఇస్తున్నాను. మొన్న మా దగ్గర మూడు రోజులు సభలు జరిగాయి. తీర్పు దినం గురించి విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. పాస్టరుగారికి చెబితే, యేసు రక్తంలో కడగబడిన పాపాన్ని మళ్లీ తవ్వుకోవడం అవిశ్వాసం అన్నారు. విశ్వాసులకు ఉండేది బహుమానాల తీర్పే, శిక్ష తీర్పు కాదన్నారు. తెలిసిన లాయరు 12 ఏళ్ల గడువు దాటిపోయింది, ఇక కేసు నిలవదన్నాడు. మా ఆవిడ చిన్నమ్మాయి పెళ్లి అయ్యేదాకా ఈ ఊసెత్తొద్దంటోంది. నాకు ఆ పాపం మీద నిజంగా తీర్పు ఉందా? ఈ భయం అవిశ్వాసమా? వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనలో) పాలుపొందవచ్చా?

(పేరు రాయవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: సహోదరా, మీకు వందనాలు.

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ భయం అవిశ్వాసం కాదు. దాన్ని పోగొట్టే వాక్యం ఏదైనా చూపిస్తానని ఆశపడి రాసి ఉంటారు. అలాంటిది నేను చూపించను. ఈ భయం మిమ్మల్ని ఒక చోటికి వెళ్లమంటోంది. అక్కడికి వెళ్లకుండా దాన్ని మాత్రం పోగొట్టుకుంటే మీకు నష్టమే.

ఫేలిక్సు సంగతి గుర్తు చేసుకోండి. అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం. కైసరయలో పౌలు అతని ఖైదీ. నీతిని గురించి, ఆశానిగ్రహాన్ని గురించి, రాబోయే విమర్శను గురించి పౌలు మాట్లాడుతుంటే ఈ రోమా అధిపతి మిక్కిలి భయపడ్డాడని రాసి ఉంది. భయపడి ఏం చేశాడు? "ఇప్పటికి వెళ్లుము, నాకు సమయమైనప్పుడు నిన్ను పిలువనంపింతును" అన్నాడు. తర్వాత చాలాసార్లు పిలిపించాడు కూడా, లంచమేమైనా ముడుతుందేమోనని. రెండేళ్లు గడిచాయి, అధికారం ఇంకొకరి చేతికి వెళ్లింది, నేరం రుజువు కాని పౌలు మాత్రం బంధకాల్లోనే ఉండిపోయాడు. ఫేలిక్సుకు కలిగిన భయం నిజమైనదే. దానివల్ల అన్యాయంగా బంధింపబడ్డ మనిషికి మాత్రం పైసా ప్రయోజనం కలగలేదు. "చిన్నమ్మాయి పెళ్లి అయ్యేదాకా" అన్న మాట దగ్గర నాకు ఫేలిక్సు గుర్తొచ్చాడు.

ఇక తీర్పు సంగతి. మీ పాస్టరుగారు చెప్పినదాంట్లో సత్యం ఉంది. దాన్ని నేను ఒక్క అక్షరం తగ్గించను. "క్రీస్తుయేసునందున్న వారికి ఏ శిక్షావిధియు లేదు" అని రోమా 8:1 చెబుతోంది. నమ్మినవాడు తీర్పులోనికి రాక మరణంలో నుండి జీవంలోనికి దాటియున్నాడని యోహాను 5:24లో ప్రభువే అన్నాడు. మన పాపాలన్నిటినీ సముద్రపు అగాధాల్లో పడవేస్తాడని మీకా 7:19. ఇవన్నీ మీకోసం రాసినవే. అయితే సహోదరా, సముద్రంలో పడింది పాపం. ఆ రెండెకరాలు ఇంకా మీ పాసుపుస్తకంలోనే ఉన్నాయి. దేవుడు క్షమించిన దొంగతనం తాలూకు సొమ్మును దేవుడు దొంగకు బహుమతిగా ఇచ్చాడని బైబిల్లో ఎక్కడా లేదు.

బహుమానాల తీర్పు, శిక్ష తీర్పు అనే విభజన మన తెలుగు సంఘాల్లో చాలాచోట్ల వినిపిస్తుంది. విశ్వాసులకు క్రీస్తు న్యాయపీఠం, మిగిలినవారికి ప్రకటన 20లోని ధవళమైన మహా సింహాసనం, రెండింటి మధ్య వెయ్యేళ్ల పాలన అని బ్రదరన్, పెంతెకోస్తు సహవాసాల్లో బోధిస్తారు. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక సంఘాల్లో సజీవులకూ మృతులకూ ఒకే తీర్పు అని విశ్వాస ప్రమాణంలో ఒప్పుకుంటారు. ఈ రెంటిలో ఏది సరి అన్న చర్చలోకి మిమ్మల్ని తీసుకెళ్లను, ఎందుకంటే ఎటు తిరిగినా మీ ప్రశ్నకు జవాబు మారదు. న్యాయపీఠం గురించిన ఆ వచనాన్నే చూడండి, 2 కొరింథీ 5:10: "అవి మంచివైనను సరే చెడ్డవైనను సరే" దేహంతో జరిగించినవాటి ఫలం ప్రతివాడూ పొందేలా "మనమందరమును" క్రీస్తు న్యాయపీఠం ఎదుట ప్రత్యక్షం కావాలి. చెడ్డవైనను సరే అంటున్నాడు. పౌలు తననూ కలుపుకుంటున్నాడు. కొలస్సయి 3:25 ఇంకా సూటిగా ఉంటుంది, అదీ బాప్తిస్మం పొందినవాళ్లకే రాసింది: అన్యాయం చేసినవాడికి తాను చేసిన అన్యాయం కొలది మరల లభిస్తుంది, పక్షపాతం ఉండదు. కిరీటాలు పంచే సభ మాత్రమే అనుకుంటే ఈ రెండు వచనాలనూ మన బైబిల్లోంచి తీసేయాలి.

ఇక్కడ కొరింథు ఊరి గురించి ఒక మాట చెప్పాలి. పౌలు న్యాయపీఠం అని రాసినప్పుడు ఆ ఊరివాళ్లు దాన్ని ఊహించుకోనక్కర్లేదు. వాళ్ల ఊరి నడిబజారులోనే రాతి వేదిక ఒకటి ఉండేది. దాని శిథిలాలను 1930ల్లో తవ్వి తీశారు, ఇప్పటికీ పాత కొరింథులో ఉన్నాయి. క్రీ.శ. 51, 52 ప్రాంతంలో అకయకు అధిపతిగా ఉన్న గల్లియోను ఎదుటికి పౌలును ఈడ్చుకెళ్లింది ఆ ఊళ్లోనే. అపొస్తలుల కార్యములు 18లో చదవండి. గల్లియోను ఆ ఫిర్యాదును కొట్టేశాడు. ఆ వెంటనే, అదే న్యాయపీఠం ముందు, జనం సొస్తెనేసు అనే మనిషిని పట్టుకుని కొట్టారు. గల్లియోను దేన్నీ లక్ష్యపెట్టలేదు. న్యాయాధిపతి కళ్లెదుటే, న్యాయం చెప్పే అరుగు ముందే ఒకడు దెబ్బలు తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. నాలుగైదేళ్ల తర్వాత పౌలు అదే ఊరివాళ్లకు ఇంకో న్యాయపీఠం ఉందని రాశాడు. దాని మీద కూర్చునేవాడు గల్లియోనులా కళ్లు తిప్పుకునేవాడు కాడు.

మీ ఊరి పెద్దమనుషుల అరుగు ముందు మీ వదిన నిలబడ్డ రోజును ఆ చోట పెట్టి ఆలోచించండి. వాళ్లు మీ మాటే నమ్మారని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు మీరు. ఆమె భర్త పోయిన దుఃఖంలో ఉంది. చదువు లేదు. మరిది మాట నమ్మి వేలిముద్ర వేసింది. నిజం చెబితే ఊరంతా ఆమె మాట అబద్ధమని తేల్చింది. మీ ఉత్తరంలో తీర్పు దినమంటే మీకేమవుతుందన్నదే ఉంది. ఆమె వైపు నుంచి ఆ రోజు ఎలా ఉంటుందో మీరు ఒక్కసారీ ఆలోచించినట్టు కనిపించలేదు.

ఆమె వైపు నుంచి అది శుభవార్త. కీర్తన 96 చూడండి: ఆకాశం సంతోషించాలి, భూమి ఆనందించాలి, సముద్రం ఘోషించాలి, వనవృక్షాలన్నీ ఉత్సాహధ్వని చేయాలి. ఎందుకు? యెహోవా భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడు గనుక. చెట్లు సంతోషించేది నేరస్థుడికి శిక్ష పడుతుందని కాదు. ఇన్నాళ్లూ ఎవరూ వినని మాట ఆ రోజు వినబడుతుంది గనుక. మన ప్రసంగాల్లో తీర్పు అనగానే అగ్ని, గంధకం గుర్తొస్తాయి గాని, ఈ కీర్తన గుర్తురాదు. నాకు దీని మీద చాలా బాధ ఉంది. కూలి ఎగ్గొట్టబడ్డవాళ్లు, భూమి పోగొట్టుకున్నవాళ్లు, పోలీసు స్టేషను మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పంపబడ్డవాళ్లు నిండిన మన సంఘాల్లో, దేవుడు లెక్క అడుగుతాడన్న సంగతిని వాళ్లకు ఆదరణగా ప్రకటించాల్సింది పోయి వాళ్లనే భయపెట్టడానికి వాడుతున్నాం. 1563లో జర్మనీలోని హైడెల్‌బర్గులో తయారైన, విశ్వాసాన్ని ప్రశ్నలు జవాబులుగా నేర్పే ప్రశ్నోత్తరి 52వ ప్రశ్నగా, క్రీస్తు తీర్పు తీర్చడానికి వస్తాడన్నది నీకు ఏ ఆదరణ ఇస్తుంది అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడిగిన తీరే మనం నేర్చుకోవాలి.

లూకా 18లో విధవరాలి ఉపమానం మీరూ చాలాసార్లు విని ఉంటారు. "నా ప్రతివాదికిని నాకును న్యాయము తీర్చుము" అని న్యాయాధిపతి చుట్టూ తిరిగిన ఆమె కథ. చదివినప్పుడల్లా మనం ఆమె పక్కన నిలబడతాం. ఆమెలా విసుగక ప్రార్థించాలని చెప్పుకుంటాం. మీ విషయంలో ఆ విధవరాలు మీ వదిన. మీరు ప్రతివాది. ఆమె కూడా యేసును నమ్మినదైతే, ఇన్నేళ్లుగా రాత్రిపూట ఏం ప్రార్థించి ఉంటుందో మీరే ఆలోచించండి. దేవుడు ఆమెకు జవాబివ్వడం ఇప్పుడు మొదలుపెట్టి ఉండొచ్చు. మీకు నిద్ర పట్టకపోవడం ఆ జవాబులో భాగమని నేననుకుంటున్నాను.

పొలం, దొంగ కాగితం, అబద్ధపు సాక్ష్యం కలిసిన కేసు బైబిల్లో ఒకటుంది. 1 రాజులు 21వ అధ్యాయం. నాబోతు ద్రాక్షతోట కోసం ఇశ్రాయేలు రాజు ఆహాబు భార్య యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాయించి, రాజు ముద్ర వేయించి, ఇద్దరు పనికిమాలినవాళ్ల చేత అబద్ధం చెప్పించింది. నాబోతును రాళ్లతో కొట్టి చంపారు. ఆహాబు వెళ్లి తోటను స్వాధీనం చేసుకున్నాడు. ప్రవక్త ఏలీయా ఎదురొచ్చి నిలదీశాక ఆహాబు బట్టలు చింపుకున్నాడు, గోనెపట్ట కట్టుకున్నాడు, ఉపవాసమున్నాడు. దేవుడు దాన్ని చూశాడు కూడా, నీ దినాల్లో ఆ అపాయం రప్పించను అన్నాడు. ఇది చాలామంది ప్రసంగీకులు దేవుని కనికరానికి ఉదాహరణగా చెబుతారు, నిజమే. కాని ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చదివినా, ఆహాబు ఆ తోటను నాబోతు ఇంటివారికి తిరిగి ఇచ్చాడని ఒక్క మాట దొరకదు. ఏడ్చాడు, తోట మాత్రం వదల్లేదు. ఆ లెక్క 2 రాజులు 9లో అతని కొడుకు యెహోరాము మీద పడింది. యెహూ అనే సేనాధిపతి అతన్ని బాణంతో కొట్టి చంపి శవాన్ని పారవేయించింది నాబోతు పొలంలోనే.

మీ పిల్లలకు ఆ పొలం వారసత్వంగా వెళ్తుంది. దానితోపాటు అందులోని అన్యాయం కూడా, వాళ్లకు తెలియకుండానే వెళ్తుంది. దేవుడు మీ పిల్లల్ని చంపుతాడని నేను బెదిరించడం లేదు. అలా బెదిరించే హక్కు నాకు లేదు. మీరు బతికుండగా తేల్చగలిగినదాన్ని వాళ్ల నెత్తిన పెట్టి పోవద్దంటున్నాను.

దశమభాగం సంగతి మీరు ధైర్యం కోసం రాసినట్టున్నారు. అది మీకు ధైర్యమివ్వదు. లేవీయకాండం 6లో, మోసం చేసి పొరుగువాడి సొత్తు తీసుకున్నవాడు ఏం చేయాలో వరుసగా ఉంది: తీసుకున్నది మొత్తం, దాని మీద అయిదో వంతు కలిపి, సొంతదారుడికే ఇవ్వాలి. అప్పుడు దేవునికి అపరాధ పరిహారార్థబలి. సంఖ్యాకాండం 5లో ఇంకో వివరం ఉంది. తిరిగి ఇచ్చిన సొమ్ము యాజకునికి చేరేది ఎప్పుడంటే, పుచ్చుకోవడానికి సొంతదారుడూ రక్తసంబంధీ ఎవరూ మిగలనప్పుడు మాత్రమే. మీ వదిన ఉంది. ఆమె బిడ్డ ఉంది. వాళ్లది వాళ్లకివ్వకుండా అందులోంచి దేవునికి పదో వంతు ఇవ్వడం కుదరదు. అన్యాయంగా ఒకరి సొత్తు పట్టుకోవడం తనకు అసహ్యమని యెషయా 61:8లో ఆయనే చెప్పాడు.

పొలం తిరిగిచ్చి పరలోకం కొనుక్కోమంటున్నానా? లేదు. లూకా 19లో సుంకపు గుత్తదారుడైన జక్కయ్య విషయంలో వరుస గమనించండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అతను అన్నాక యేసు అతని ఇంటికి వెళ్లలేదు. ముందే వెళ్లాడు, చెట్టు కింద నిలబడి పేరు పెట్టి పిలిచి మరీ వెళ్లాడు. ఆ కృప ఇంట్లోకి వచ్చాక జక్కయ్య లేచి నిలబడి లెక్క చెప్పాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట ఆ లెక్క తర్వాత వినబడింది. మీ ఇంటికి ప్రభువు వచ్చి 11 ఏళ్లయింది. జక్కయ్య నిలబడి చెప్పిన మాట మీరింకా చెప్పలేదు. కతోలికులు పాపసంకీర్తనం చేసినప్పుడు దొంగిలించినది తిరిగి ఇవ్వాల్సిందేనని వాళ్ల సంఘం బోధిస్తుంది. మనం విశ్వాసం వల్లనే నీతి అని చెప్పుకునేవాళ్లం, వాళ్లకంటే తక్కువ ఇవ్వడానికి అది సాకు కాకూడదు.

ఇది చదువుతున్న మరికొందరికి ఒక మాట. ఎవరికీ ఏ అన్యాయం చేయకపోయినా తీర్పు గురించి రోజూ వణికిపోయేవాళ్లు ఉంటారు. ఒప్పుకున్న పాపాన్నే వందసార్లు ఒప్పుకుంటూ, ఫలానా తేదీకి అంతమని ఎవరో చెప్పిన వీడియో చూసి అన్నం మానేసేవాళ్లు ఉంటారు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియవని మత్తయి 24:36లో ఉంది. మీకు నేను ఈ ఉత్తరంలో చెప్పేదేదీ వర్తించదు. మీకు కావాల్సింది రోమా 8వ అధ్యాయం, మనసు విప్పి మాట్లాడగలిగే మనిషి, అవసరమైతే డాక్టరు.

సహోదరా, ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను.

ముందు మీ భార్యతో కూర్చోండి. ఆమె భయం అర్థం చేసుకోదగ్గదే, ఆమెను నిందించకండి. కాని ఒక సంగతి ఆమెకు చెప్పండి: సంబంధం వాళ్లు నాలుగెకరాలని లెక్కేసుకునే వస్తారు. ఆ లెక్క మీద పెళ్లి చేస్తే ఇంకో ఇంటిని కూడా మోసం చేసినట్టే. రెండెకరాల ఇంటి పిల్లగా ఆమె పెళ్లి జరగనివ్వండి.

తర్వాత మీ వదినగారి దగ్గరికి వెళ్లండి. పాస్టరునీ పదిమంది పెద్దల్నీ వెంటేసుకుని వెళ్లొద్దు. అంతమంది ముందు ఆమె "క్షమించాను" అనక తప్పని పరిస్థితి వస్తుంది, అది మళ్లీ బలవంతమే. మీ ఇద్దరు దంపతులు వెళ్లండి. ఆమె కూతురు కూడా ఉండేలా చూసుకోండి. చేసింది పేరు పెట్టి చెప్పండి: మోసం చేసి వేలిముద్ర వేయించాను, పెద్దల ముందు అబద్ధం చెప్పాను. "అప్పటి పరిస్థితులు అలాంటివి" అనొద్దు. పొలం తిరిగి రాసిస్తానని చెప్పండి. ఆమె తిట్టినా, తలుపు వేసుకున్నా, క్షమించనన్నా రాసివ్వండి. ఆమె క్షమాపణకు అది ధర కాదు, ఆమెది ఆమెకు ఇవ్వడం మాత్రమే.

నోటిమాట మీద మళ్లీ వదిలేయకండి. రిజిస్టరు దస్తావేజు కావాలి, ఆ తర్వాత పాసుపుస్తకంలో పేరు మారాలి. ఏ రకం దస్తావేజు అన్నది లాయరు చెబుతాడు, అయితే మీ లాయరు కాదు, ఆమె తరపు లాయరు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఆమె అర్జీ పెట్టుకుంటే చాలు. కిందటిసారి ఆ ఆఫీసుకు ఆమె మీ మాట నమ్మి వచ్చింది. ఈసారి కాగితాన్ని ఆమె మనిషి చదివి వినిపించాలి, ఖర్చు మీరు పెట్టుకోవాలి.

ఇన్నేళ్ల కౌలు కూడా ఉంది. మీ వైపు మిరప, పత్తి పండే నేలకు ఏ ఏడు ఎంత కౌలు నడిచిందో నాకంటే మీకే తెలుసు. రెండెకరాలకు లెక్క వేయండి, మీద అయిదో వంతు కలపండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే నోటు రాసి ఏడాదికింత ఇవ్వండి. ఊరి పెద్దమనుషుల ముందు అన్న అబద్ధాన్ని, ఆమె ఒప్పుకుంటే, ఆ పెద్దమనుషుల ముందే సరిదిద్దండి. అప్పుడున్నవాళ్లలో కొందరు పోయి ఉంటారు. మిగిలినవాళ్లకు చెప్పండి. ఆమె పోగొట్టుకున్నది పొలం ఒక్కటే కాదు, ఊళ్లో మాట కూడా. సంఘపెద్ద బాధ్యత నుంచి ఇది తేలేవరకు తప్పుకుంటానని పాస్టరుగారితో చెప్పండి. ఆయన వద్దన్నా తప్పుకోండి.

లాయరు చెప్పిన గడువు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చట్టానికి గడువులు ఉండాలి, లేకపోతే ఏ వివాదమూ తెగదు. ఆ గడువు మీ వదిన కోర్టుకు వెళ్లే దారి మూస్తుందేమో గాని, మీరు ఆమె ఇంటికి వెళ్లే దారి మూయదు.

చివరి ప్రశ్న బల్ల గురించి. కొరింథువాళ్లకు బల్ల గురించి రాస్తూనే పౌలు, మనల్ని మనమే విమర్శించుకుంటే తీర్పు పొందమని చెప్పాడు. మీరు ఇప్పుడు చేయబోయేది అదే, ఆ రోజు ఆయన అడగబోయే లెక్కను ఈ రోజే మీ చేత్తో తెరవడం. మత్తయి 5లో ప్రభువు చెప్పింది కూడా స్పష్టంగానే ఉంది: అర్పణ బలిపీఠం ముందే వదిలేసి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడి, తర్వాత వచ్చి అర్పించమన్నాడు. కనుక ఈ మొదటి ఆదివారం బల్లకు వెళ్లకండి. ఆ లోపలే వదినగారి ఊరికి వెళ్లండి. దస్తావేజు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఆమె ముందు నిజం ఒప్పుకుని, రాసివ్వడానికి పని మొదలుపెట్టారంటే ఆ తర్వాతి నెల బల్ల దగ్గరికి నిస్సంకోచంగా రండి. ఆమె వయసెంతో, ఆరోగ్యమెలా ఉందో మీరు రాయలేదు. ఎండలో మిరపకోతలు కోసే మనిషి. ఆలస్యం చేయకండి.